బీబీఏలో చేరొచ్చా? చదివి బయటపడ్డవాడి జవాబు

ఇంటర్ సీఈసీ అయిందనీ, బీబీఏ (వ్యాపార నిర్వహణ డిగ్రీ) చదవాలని ఉందనీ, నాన్నగారు మాత్రం బీకాం అంటున్నారనీ రాశారు. బంధువులైతే బీబీఏ అంటే ఎక్కడా సీటు రానివాళ్ళ చదువని తేల్చేశారట. చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పమన్నారు. నేను చదివాను. 2014లో చేరి 2017లో బయటపడ్డాను. "బయటపడ్డాను" అని కావాలనే రాశాను, ఎందుకో కింద తెలుస్తుంది.

ముందు బంధువుల మాట సంగతి. నా విషయంలో వాళ్ళన్నది నిజమే. ఎంపీసీ చదివాను. ఎంసెట్‌లో నలుగురికీ చెప్పుకునే ర్యాంకు రాలేదు. డొనేషన్ కట్టి బీటెక్ చదివించే స్తోమత ఇంట్లో లేదు. ఉన్నా నాకు ఇష్టం లేదు. గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీబీఏ ఖాళీలున్నాయంటే చేరిపోయాను. మాది తెనాలి. పొద్దున ప్యాసింజర్ రైలెక్కి వెళ్ళడం, మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికొచ్చి నాన్నగారి హోల్‌సేల్ కిరాణా కొట్లో కూర్చోవడం, మూడేళ్ళూ ఇదే పని. ఆ మధ్యాహ్నాలే నాకు చదువు చెప్పాయని ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో మాత్రం శిక్ష లాగే ఉండేది.

సబ్జెక్టులేమిటో మీకు తెలిసే ఉంటుంది. ప్రిన్సిపుల్స్ ఆఫ్ మేనేజ్‌మెంట్, అకౌంట్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, బిజినెస్ లా, మార్కెటింగ్, హెచ్ఆర్, ఫైనాన్స్, కాస్ట్ అకౌంటింగ్. యూనివర్సిటీని బట్టి పేర్లు కొంచెం మారతాయి. సగం సబ్జెక్టులు పరీక్షకి వారం ముందు గైడు చదివి పాసవ్వచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇంజనీరింగ్‌లో ఎం-1 (మొదటి లెక్కల పేపరు) తప్పితే మనకి రాలేదని మనకే తెలుస్తుంది. బీబీఏలో ఏమీ రాకుండానే 75 శాతం తెచ్చుకుని, అన్నీ వచ్చేశాయనుకోవచ్చు.

మొదటి ఏడాది హెన్రీ ఫయోల్ 14 సూత్రాలు బట్టీ పట్టించారు. ఆయన ఫ్రాన్సులో బొగ్గు గనుల కంపెనీ నడిపిన మైనింగ్ ఇంజనీరు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే కాస్త గౌరవంగా చదివేవాడినేమో. ఆ పద్నాలుగింట్లో ఒకటి యూనిటీ ఆఫ్ కమాండ్. ఒక మనిషికి ఒక పై అధికారే ఉండాలి అని. మా కొట్లో నాన్న, బాబాయ్ ఇద్దరూ యజమానులే. గుమాస్తాకి నాన్న "చేబ్రోలు ఆర్డరు ఆటోకి ఎక్కించు" అంటారు. అతను రెండు బస్తాలు మోసేసరికి బాబాయ్ "ముందు బ్యాంకు మూసేస్తారు, చలానా కట్టి రా" అంటాడు. సాయంత్రానికి ఆర్డరూ పోదు, చలానా కట్టరు, తిట్లు మాత్రం ఇద్దరి దగ్గరా గుమాస్తాకే. ఆ రోజు రాత్రి నాకు ఫయోల్ అర్థమయ్యాడు. బయటి పని బాబాయ్, కొట్టు లోపల నాన్న చూసుకోవాలని అమ్మ చేత చెప్పించాను. నేను చెబితే వినరు కదా.

తర్వాత ఇంకోటి జరిగింది, అది నా గాలి తీసేసిన సంగతి. ఇన్వెంటరీ పాఠంలో ఈఓక్యూ అని ఒక ఫార్ములా వస్తుంది. ఒక్కసారికి ఎంత సరుకు ఆర్డరు పెడితే ఖర్చు తక్కువో చెబుతుంది. ఏడాదికి కావలసిన సరుకుని ఒక్కో ఆర్డరు ఖర్చుతో గుణించి, దాన్ని రెండింతలు చేసి, ఒక పెట్టెని ఏడాది పాటు గోడౌన్లో ఉంచే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. ఉత్సాహం కొద్దీ బట్టల సబ్బు పెట్టెల మీద వేశాను. అంకెలు సులువు చేసి చెబుతున్నాను: ఏడాదికి 1200 పెట్టెలు, ఆర్డరుకి 300 రూపాయల ఖర్చు, పెట్టెకి ఏడాదికి 50 రూపాయల నిల్వ ఖర్చు. జవాబు 120. నాన్నేమో ఒక్కో దఫా 400 తెస్తున్నారు. కాగితం పట్టుకెళ్ళి చూపించాను.

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "మరి స్కీము పోతుంది కదరా" అన్నారు. 400 పెట్టెలు ఒకేసారి దించుకుంటే కంపెనీ ప్రతి 20కి ఒకటి ఉచితంగా ఇస్తుంది. పెట్టె 600 అనుకుంటే ఏడాది మొత్తం మీద 60 పెట్టెలు, అంటే 36,000 రూపాయలు. నా పద్ధతిలో నిల్వ ఖర్చు 7,000 తగ్గుతుంది, కానీ ఆర్డర్లు మూడుకి బదులు పదవుతాయి కాబట్టి అందులో 2,100 తిరిగి పోతుంది. నికరంగా మిగిలేది 4,900. దానికోసం 36,000 వదులుకోమని చెప్పడానికి వెళ్ళాను నేను. పుస్తకంలో ఈ డిస్కౌంటు సంగతి కూడా తర్వాతి పేజీలో ఉంది, మా సార్ "ఇంపార్టెంట్ కాదు" అని వదిలేశారు.

అలాగని ప్రతిసారీ నాన్నదే పైచేయి కాలేదు. కొట్లో లాభం ఉంటుంది, గల్లాపెట్టెలో డబ్బుండదు. ఇది మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న గొడవే. రెండో ఏడాదిలో వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన డబ్బు గురించి చదివాక అరువు ఖాతా పుస్తకాలు నాలుగు ముందేసుకుని, ఎవరి బాకీ ఎన్ని రోజులుగా ఉందో వరసగా రాశాను. నెలలోపు, మూడు నెలలోపు, ఆరు నెలలోపు, ఏడాది దాటినవి. రెండు వారాలు పట్టింది. బయట ఉన్నది మొత్తం 11 లక్షలు. అందులో మూడున్నర లక్షలు ఏడాది దాటిపోయినవి. నాన్న లెక్క ప్రకారం బయట ఉన్నది "ఓ ఆరేడు లక్షలు". ఆయన ఆ కాగితం చూసి ఏమీ అనలేదు. మర్నాడు నుంచి ముగ్గురికి అరువు ఆపేశారు. అకౌంట్స్ తెలిస్తే ఏం లాభమని ఎవరైనా అడిగితే నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఆ కాగితానికి ఇంకో కథ కూడా ఉంది. నేను ఫైనలియర్లో ఉండగా 2016 నవంబరు 8 రాత్రి పాత 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఏడాదిన్నరగా ఫోనెత్తని వాళ్ళు మర్నాడు పొద్దున్నే కొట్టు ముందుకొచ్చి, "అన్నా, మీ బాకీ తీర్చేద్దామని వచ్చా" అన్నారు. చేతిలో అన్నీ పాత నోట్లే! ఎవరివి మొండి బాకీలో నా జాబితాలో ఉంది కాబట్టి నాన్న కొందరివి తీసుకున్నారు, రేపైనా ఇవ్వగలవాళ్ళని కొత్త నోట్లతో రమ్మన్నారు. ఆడిటరు ఫోన్ చేసి "ఇంక ఆపండి మహాప్రభో" అనేదాకా సాగింది ఈ తంతు. డిసెంబరు 30 దాకా బ్యాంకులో కట్టే వీలుంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు నేను చేసిన వెధవపని. ఫైనలియర్లో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. చేతిలో 11 లక్షల అరువు మీద నేనే చేసిన పని ఉంది, అది ఎలా వసూలైందో కళ్ళారా చూశాను. కానీ కిరాణా కొట్టు మీద ప్రాజెక్టంటే క్లాసులో నవ్వుతారని సిగ్గేసింది. కాలేజీ పక్కన జిరాక్స్ షాపులో ఒక డెయిరీ కంపెనీ మీద వర్కింగ్ క్యాపిటల్ ప్రాజెక్టు 1,200 రూపాయలకి కొన్నాను, బైండింగ్‌తో సహా. పైన నా పేరు వేశారు. వైవాలో, అంటే దాని మీద నోటి పరీక్షలో, ఎవరూ ఏమీ అడగలేదు. మంచి మార్కులే వచ్చాయి.

మూడు నెలల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ రిపోర్టు తిరగేస్తూ "కరెంట్ రేషియో ఎంతొచ్చిందయ్యా?" అన్నారు. పుస్తకంలో ఆదర్శం 2:1 అని ఉంటుంది కదా, ధైర్యంగా అదే చెప్పాను. ఆయన పేజీ తిప్పి నా వైపు పెట్టారు. 0.84 అని ఉంది. "అంటే ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులకి సరిపడా, ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తులు ఈ కంపెనీ దగ్గర లేవన్నమాట. ఎందుకంటావు?" అన్నారు. నా దగ్గర మాట లేదు. అదే ప్రశ్న మా కొట్టు గురించి అడిగి ఉంటే గంట మాట్లాడేవాణ్ణి.

ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత ఒక బిస్కెట్ల కంపెనీలో సేల్స్ పని దొరికింది, నెలకి 14 వేలు, పెట్రోలు వేరే. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ వైపు తిరిగాను. నెలాఖరు 28 వచ్చిందంటే డిస్ట్రిబ్యూటరు కాళ్ళావేళ్ళా పడి గోడౌన్లోకి సరుకు దించడమే. టార్గెట్ అంటే ఏమిటో మార్కెటింగ్ పుస్తకంలో లేదు. కానీ డిస్ట్రిబ్యూటరు "ఇంక వద్దు బాబూ" అంటే ఆయన బాధ ఏమిటో నాకు తెలుసు, ఆ కుర్చీలో మా నాన్నని చూశాను కాబట్టి. అందుకేనేమో రెండేళ్ళు నిలబడ్డాను.

ఆ తర్వాత ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి హైదరాబాదులో ఎంబీఏ చేశాను. ఇక్కడ మీకు బీబీఏ గురించి ఎవరూ చెప్పని చిక్కు ఒకటి చెప్పాలి. ఎంబీఏ మొదటి ఏడాదిలో చాలా భాగం బీబీఏనే మళ్ళీ చెబుతారు. అదే ఫయోల్, మనిషి అవసరాలని మెట్లుగా చెప్పిన అదే మాస్లో, అదే డిమాండ్ కర్వ్. పక్కన కూర్చున్న బీటెక్ కుర్రాడికి అంతా కొత్త, నాకు పాత సినిమా. ఐసెట్‌లోనూ బీబీఏకి ప్రత్యేకమైన లాభమేమీ లేదు. ఎనలిటికల్, మ్యాథ్స్, కమ్యూనికేషన్ ప్రశ్నలే ఉంటాయి. ఏ డిగ్రీ వాళ్ళైనా రాసేదే. ఐఐఎంల ఎంబీఏకి రాసే క్యాట్ కూడా అంతే. ఎంబీఏ చేయడం ఖాయమైతే ముందు బీబీఏ తప్పనిసరి కాదు. ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక కంపెనీకి సరుకు సరఫరా ప్లానింగ్ చూస్తున్నాను. ఈఓక్యూ రోజూ తగులుతుంది, ఈసారి స్కీము సంగతి ముందే అడుగుతాను.

బీకామా, బీబీఏనా అన్న మీ నాన్నగారి ప్రశ్నకి నా అభిప్రాయం ఇది. సీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్) వైపు కొంచెం ఆలోచన ఉన్నా బీకామే చేయండి, అకౌంట్స్, టాక్స్ అందులో లోతుగా ఉంటాయి. బ్యాంకు పరీక్షలకి, గ్రూప్-2కి ఏదైనా ఒకటే. సేల్స్, హెచ్ఆర్, సొంత వ్యాపారం మీద మనసుంటే బీబీఏ బాగానే ఉంటుంది, కానీ అకౌంట్స్‌ని నిర్లక్ష్యం చేయకపోతేనే. టాక్స్ పాఠాలు మాత్రం ఎక్కడ చదివినా పరీక్ష కోసమే అనుకోండి. మేము వ్యాట్, సర్వీస్ టాక్స్ బట్టీ పట్టి పరీక్షలు రాశాం, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి అవన్నీ చెత్తబుట్టలో వేసింది. అప్పట్లో విడి కందిపప్పుకి పన్ను లేదు, అదే పప్పు రిజిస్టరైన బ్రాండు పేరుతో ప్యాకెట్ కడితే 5 శాతం, సబ్బుకి 18 ఉండేది. ఇవన్నీ ఆ వేసవిలో ఆడిటరు ఆఫీసులో బల్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవే.

సీఈసీ కాబట్టి లెక్కల గురించి భయపడకండి. స్టాటిస్టిక్స్ ఒక్కటే కాస్త ఇబ్బంది పెడుతుంది, అదీ పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్ళకి అసాధ్యం కాదు. ఇంటర్ తర్వాత నేరుగా ఐఐఎంలో చేరే అయిదేళ్ళ కోర్సులు వేరే సంగతి. ఐఐఎం ఇండోర్ 2011లో మొదలుపెట్టింది. వాటి ప్రవేశ పరీక్షలో లెక్కలు గట్టిగా ఉంటాయి, ఫీజు కూడా మన డిగ్రీ కాలేజీలతో పోల్చేది కాదు.

నా రోజులకీ ఇప్పటికీ కొన్ని మారాయి. 2024-25 నుంచి బీబీఏ నడిపే కాలేజీలు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకి కేంద్ర మండలి) అనుమతి తీసుకోవాలి. చేరబోయే కాలేజీకి ఉందా లేదా అని మొహమాటం లేకుండా అడగండి. నాలుగో ఏడాది చదివితే ఆనర్స్ ఇస్తున్నారు. అది తీసుకోవాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఆంధ్రలో అయితే డిగ్రీలోనే ఇంటర్న్‌షిప్పులు పెట్టారు. మా కాలంలో అవి లేవు, ఉండుంటే నాకు ఆ ఇంటర్వ్యూ గతి పట్టేది కాదేమో. సర్టిఫికెట్ అమ్మే చోటికి కాకుండా మీకు తెలిసిన ఏ కొట్టుకో, కోల్డ్ స్టోరేజీకో, ఆడిటర్ దగ్గరికో వెళ్ళండి. ఇంట్లో వ్యాపారం లేకపోతే మేనమామ మెడికల్ షాపు చాలు. వాళ్ళ అరువు పుస్తకం మీ చేతికిచ్చేంత నమ్మకం కుదిరితే మీ ప్రాజెక్టు సగం అయినట్టే.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్ బ్రోచర్లు చూసి మోసపోకండి, అందరూ అవే ఫోటోలు వేస్తారు. మధ్యాహ్నం పూట వెళ్ళి క్యాంటీన్లో రెండో ఏడాది పిల్లలతో మాట్లాడండి. అకౌంట్స్ ఎవరు చెబుతారు, ఆయన ఎన్నేళ్ళుగా అక్కడే ఉన్నారు అని అడగండి. వచ్చేటప్పుడు గేటు పక్కన జిరాక్స్ షాపుకి వెళ్ళి, బీబీఏ ప్రాజెక్టు రెడీగా ఉందా, ఎంత అని కూడా అడగండి. మా రోజుల్లో 1,200. "అలాంటివి ఇక్కడ నడవవండీ, సార్లు పట్టేసుకుంటారు" అని షాపువాడు అన్నాడంటే, ఆ కాలేజీ అప్లికేషను వెంటనే తెచ్చుకోండి.