రాడ్ వేసిన కాలుతో సంక్రాంతి టోర్నీకి దిగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కబడ్డీలో రైడర్, అంటే కూతకు వెళ్లేవాడు. నిరుడు స్కూల్ గేమ్స్ జాతీయ పోటీల్లో రాష్ట్ర జట్టుకు ఆడాడు. జులైలో బైక్ మీద నుంచి పడి కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. నాలుగు నెలలైంది, ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తున్నాడు. సంక్రాంతి టోర్నీకి దించుదామని కోచ్ అంటున్నారు. మా అమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దామంటోంది. వాడి మనసంతా ఆర్మీ మీదే ఉంది. ఆట మానేసి బుద్ధిగా చదువుకోమని చెప్పేయమంటారా? (ఒక తండ్రి, చిత్తూరు జిల్లా)

జవాబు: ఆట మానేయమని ఇప్పుడే చెప్పకండి. అలాగని సంక్రాంతికి దించకండి. ఈ రెండో మాటలో నాకు ఏ సందేహమూ లేదు.

తొడ ఎముక ఒంట్లో అన్నిటికంటే పొడవైనది, గట్టిది. అది విరిగిందంటే దెబ్బ ఎముకతో ఆగదు, చుట్టూ ఉన్న కండకూ తగులుతుంది. రాడ్ వేశాక నడక త్వరగానే వస్తుంది, ఎందుకంటే బరువులో కొంత ఆ రాడ్డే మోస్తుంది. అందుకే నడుస్తున్నాడు కదా, అతుక్కున్నట్టే అనుకోవడం పొరపాటు. అతుక్కోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అతుక్కుందో లేదో చెప్పాల్సింది ఎక్స్‌రే, ఆ ఎక్స్‌రే చూసిన సర్జన్. కోచ్ కాదు, మనమూ కాదు.

ఎముక అతికినా కండ వెనకబడే ఉంటుంది. ఇది మీరు ఇంట్లోనే చూడొచ్చు. మోకాలి చిప్పకు జానెడు పైన, రెండు తొడలకూ టైలర్ టేపు చుట్టి కొలవండి. కుడి తొడ సన్నబడి ఉంటుంది, చాలామందిలో ఆ తేడా కంటికే తెలుస్తుంది. తర్వాత వాడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎడమ కాలి మీద లేవగలడేమో చూడండి. కుడి కాలితో అదే పని చేయించడం మాత్రం ఫిజియోథెరపిస్ట్ దగ్గరే. నడిచేటప్పుడు నడుము ఒక పక్కకి ఒరుగుతోందా, కుడి పాదం బయటికి తిరిగి పడుతోందా అన్నదీ గమనించి చెప్పండి. తుంటి దగ్గర కండ బలహీనపడినా, ఎముక కాస్త మెలితిరిగి అతికినా ఇలా కనిపిస్తుంది.

ఇక మీవాడు ఆడేది కబడ్డీ, అందులోనూ రైడర్. ముప్పై సెకన్లలో బోనస్ లైన్ దాకా కాలు చాచాలి, ఒంటికాలి మీద గిర్రున తిరగాలి, ఐదారుగురు మీద పడితే గీత దాకా ఈడ్చుకు రావాలి. పైగా థై హోల్డ్ పట్టేవాడు సరిగ్గా ఆ తొడనే వాటేసుకుంటాడు. ఎముక పూర్తిగా గట్టిపడకముందు ఆ పట్టు పడితే రాడ్ వంగొచ్చు, స్క్రూ విరగొచ్చు. మళ్లీ ఆపరేషన్ థియేటరే.

దేనికైనా ఒక వరస ఉంది. ముందు కుంటు లేని నడక, సైకిల్, కుదిరితే ఈత. సర్జన్ ఒప్పుకున్నాక నేరుగా మెల్లగా పరుగు. తర్వాతే మలుపులు, గెంతులు, ఎవరూ పట్టుకోని రైడ్లు. అసలు పట్టు చివర్న. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలితో పోలిస్తే తొంభై శాతానికి వచ్చిందా అని ఫిజియోలు చూస్తారు, ఒంటికాలి గెంతు దూరాన్నీ అలాగే పోల్చి చూస్తారు. బాడీ కాంటాక్ట్ ఉన్న ఆటకి ఆరు నెలల నుంచి ఏడాది అనుకోండి.

నాలుగుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన సైక్లిస్ట్ క్రిస్ ఫ్రూమ్‌కి 2019 జూన్‌లో కుడి తొడ ఎముకతో పాటు మోచెయ్యి, పక్కటెముకలు విరిగాయి. 2020 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో మళ్లీ రేసుకి దిగాడు. ప్రేరణ కోసమని ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. ఆ తర్వాత ఆయన మళ్లీ టూర్ గెలవలేదు. తిరిగి ఆడటం వేరు, మునుపటి స్థాయి వేరు. మీవాడికి వయసు కలిసొస్తుంది, అయినా ఈ రెంటినీ విడివిడిగా చెప్పి ఉంచండి.

అమ్మగారి మాట. పుత్తూరు కట్టుకి మన వైపు ఎంత పేరున్నా, లోపల రాడ్ ఉన్న కాలికి బయట కట్టుతో పని లేదు. మాలిష్ అసలే వద్దు. దెబ్బతిన్న కండని గట్టిగా రుద్దితే ఆ కండలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉంది. ఆవిడ చేతి గుడ్లు, పప్పు, పాలు మాత్రం రోజూ పెట్టించండి. సిగరెట్ అలవాటుంటే అది ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది. మీకు తెలియకుండా ఉందేమో కనుక్కోండి. తొడలో కొత్తగా నొప్పి, జ్వరం, పిక్క వాపు, ఆయాసం వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఆర్మీ సంగతి కాస్త చేదుగా ఉంటుంది. ఒంట్లో రాడ్, ప్లేట్ ఉన్నవాళ్లని ఆర్మీ మెడికల్‌లో సాధారణంగా అన్‌ఫిట్ అంటారు. ఎముక పూర్తిగా అతికాక, తరచూ ఏడాది, ఏడాదిన్నర దాటాక, రాడ్ తీయొచ్చు. అయితే అందరికీ తీయాల్సిన అవసరం ఉండదు, తీశాక కూడా స్క్రూ రంధ్రాలు పూడేదాకా కాలు జాగ్రత్తే. ఆర్మీ వయోపరిమితి ఆగదు కాబట్టి, ఎప్పటికి తీయొచ్చో సర్జన్‌ని ఇప్పుడే అడిగి లెక్క వేసుకోండి.

ఈలోగా పోగొట్టుకోకూడనివి రెండు. ఒకటి ఇంటర్ పరీక్షలు. ఆస్పత్రి కాగితాలు పట్టుకెళ్లి హాజరు గురించి ప్రిన్సిపాల్‌తో ఈ వారమే మాట్లాడండి. రెండోది సర్టిఫికెట్. జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవాళ్లకి కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో పనికొచ్చేది ఫారం-4. కాలు విరిగినంత మాత్రాన అది చెల్లకుండా పోదు, కానీ పాఠశాల విద్యాశాఖ నుంచి తెచ్చి దగ్గర పెట్టుకోవాలి. రైల్వే లాంటి చోట్ల ట్రయల్స్ ఉంటాయి, ఇటీవలి ఆటే చూస్తారు, కాబట్టి అది తర్వాతి మాట. వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులోనూ పరుగు, గెంతు ఉంటాయి. ఈ ఏడాది తొందరపడొద్దు. డిగ్రీలో చేర్పించండి, కాలు నిలిచాక యూనివర్సిటీ జట్టు సెలక్షన్‌కి వెళ్తాడు.

కోచ్‌కి ఏం చెప్పాలో తోచకపోతే, సర్జన్ చేత ఏయే కదలికలకు అనుమతి ఉందో కాగితం మీద రాయించుకుని చేతికివ్వండి. సంక్రాంతికి వాణ్ని జట్టుతో పాటే తీసుకెళ్లమనండి, గీత బయట కూర్చుని స్కోరు రాస్తాడు.