12 ఏళ్ల కారు సొట్టలకు రెండేళ్ల అప్పా?

ప్రశ్న: మా కారుకు 12 ఏళ్లు. పార్కింగ్‌లో స్తంభానికి రాసుకుని ఎడమవైపు వెనక తలుపు, వెనక ఫెండర్ (చక్రం మీది రేకు), బంపర్ సొట్టలు పడ్డాయి. సొట్టలు తీసి కారంతటికీ కొత్త రంగు వేయడానికి షెడ్డువాళ్లు చెప్పిన మొత్తం, కారును ఇప్పుడు అమ్మితే వచ్చే ధరలో 45 శాతం. మా ఇంటి ఖర్చుతో పోలిస్తే అది నెలన్నర ఖర్చు. పొదుపు ఖాతాలో ఒక నెల ఖర్చుకు సరిపడా ఉంది. దాన్ని కదపకుండా, ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీతో రెండేళ్ల లోను తీసుకోమంటున్నారు. లేదంటే నెలకు 3 శాతం వడ్డీ పడే క్రెడిట్ కార్డు మీద ఖర్చు పెట్టి, కుదిరినప్పుడల్లా తీర్చాలని ఉంది. ఆఫీసులో అందరి ముందూ ఈ కారు దిగడం చిన్నతనంగా ఉంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం, నాలుగు నెలల్లో పొడిగించాలి. కారును రెండేళ్ల తరవాత అమ్మేద్దామనుకుంటున్నాం. బీమా థర్డ్ పార్టీ మాత్రమే. ఏ దారి మంచిది?

జవాబు: మీరు అడిగిన రెండు దారుల్లో ఏదీ కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. కారు బదులు ఒకరికి ఫోను, ఇంకొకరికి సోఫా. వరుస మాత్రం ఒకటే: ఖర్చు ముందే ఖాయమైపోతుంది, ఆ తరవాత దానికి అప్పు ఎక్కడ చవకగా దొరుకుతుందని నన్ను అడుగుతారు. మీ పూర్తి ఉత్తరంలో కారు రంగు గురించి మూడు వాక్యాలు ఉన్నాయి. ఉద్యోగం నాలుగు నెలల్లో పొడిగించాల్సి ఉందన్న సంగతి మాత్రం సగం వాక్యంలో తేలిపోయింది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ సగం వాక్యమే.

ముందు ఆ 10 శాతం సంగతి చూద్దాం. ఫ్లాట్ వడ్డీ అంటే, మీరు నెలనెలా అసలు తీరుస్తూ వచ్చినా, వడ్డీని మాత్రం మొదటి రోజు అసలు మీదే చివరి దాకా లెక్కగడతారు. రెండేళ్ల లోనుకు ఏడాదికి 10 శాతం ఫ్లాట్ అంటే, తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఏడాదికి 18 శాతం పైమాటే. ప్రాసెసింగ్ రుసుము దీనికి అదనం. 'పదే కదా' అని మీతో అన్నవారికి ఈ తేడా తెలియదనుకోవడం అమాయకత్వం. ఇక కార్డు మాట. నెలకు 3 శాతం చొప్పున చక్రవడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. 'కుదిరినప్పుడల్లా తీర్చడం' అన్న మాటను కార్డు కంపెనీలు ఎంతో ఇష్టంగా వింటాయి. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

మీ అంకెలతోనే చూద్దాం. కారు విలువ 100 అనుకోండి. లోను 45, వడ్డీ 9, మొత్తం 54 కడతారు. చివరి వాయిదా కట్టే రోజుకు కారుకు 14 ఏళ్లు. అప్పటికి దాని విలువ ఈనాటి 100 ఎలాగూ ఉండదు. అంటే అమ్మకానికి పెట్టబోయే వస్తువు మీద, అది అమ్ముడుపోయే దాకా తీరని అప్పు తెస్తున్నారు. అందంగా కనిపిస్తే మంచి ధర వస్తుందని మీకు ఎవరో చెప్పి ఉంటారు. పాత కార్లు కొనేవాళ్లు అంత తేలిగ్గా పడిపోరు. 12 ఏళ్ల కారు ఒళ్లంతా కొత్త రంగుతో మెరుస్తుంటే వాళ్లకు మొదట వచ్చేది అనుమానం: ఏ పెద్ద ప్రమాదాన్ని కప్పిపుచ్చారో అని. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపు మీద ఆనించి చూస్తారు. సొట్ట పూడ్చే పుట్టీ మందంగా పెట్టిన చోట అది సరిగా అంటుకోదు. రంగు మందం కొలిచే పరికరం ఉన్నవాళ్లయితే చెప్పనే అక్కర్లేదు. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, పుట్టీ మీద వేసిన రంగు దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. నిజాయితీగా కనిపించే సొట్టకు ఎంత తగ్గించాలో బేరగాడికి తెలుసు. దాచినదానికి వాడు భయపడి ఇంకా ఎక్కువ తగ్గిస్తాడు.

అలాగని సొట్టలన్నీ వదిలేయమని కాదు. కొన్నింటిని వదలకూడదు. ఈ ఆదివారం పగటి వెలుగులో కారు చుట్టూ ఒకసారి తిరగండి. గీత పడ్డ చోట గోరు అడ్డంగా గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే అది పైపూత మీది గీతే, పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుని లోపల బూడిద రంగు ప్రైమర్ (రంగు కింది పూత) కనిపిస్తే కొంతకాలం ఆగవచ్చు. ఇనుము తళుక్కుమంటే మాత్రం ఆగకండి. తుప్పు రంగు కింద నుంచి పాకుతుంది, బుడగలు పైకి తేలేసరికి లోపల పని చాలా జరిగిపోయి ఉంటుంది. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, తుప్పును ఆపే ద్రావణం రాసి, ప్రైమర్, ఆపైన టచప్ రంగు వేస్తే చాలు. చూపులకు మచ్చలా ఉంటుంది, ఉండనివ్వండి. బంపర్ ప్లాస్టిక్కు, దానికి తుప్పు భయమే లేదు. ఊగకుండా బిగించి ఉంటే దాన్ని మరిచిపోండి.

తలుపు సరిగ్గా మూసుకుంటోందా, అద్దం మొరాయించకుండా దిగుతోందా, వాన పడితే లోపలికి నీళ్లు వస్తున్నాయా చూడండి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి గుంతల మీద నడిపినప్పుడు టైరు ఫెండర్ అంచుకు రాసుకుంటే అది అందం సమస్య కాదు, వెంటనే సరిచేయించాలి. వెనక దీపం పగిలి ఉంటే అదీ అంతే. తలుపు కింద ఉండే అడ్డ దూలం లాంటి భాగం గానీ, తలుపుల మధ్య నిలువు స్తంభం గానీ వంగి ఉంటే మెకానిక్‌కు చూపించండి. అవి కారు అస్థిపంజరంలో భాగాలు. ఇవేవీ లేకపోతే, పైన చెప్పిన మొత్తంలో చాలా చిన్న భాగంతో మీ పని అయిపోతుంది.

తలుపు మరీ ఘోరంగా ఉంటే ఒక చిట్కా. అది బోల్టులతో బిగించేదే కాబట్టి, తుక్కుకు వెళ్లిన అదే మోడల్ కారుది, అదే రంగుది దొరుకుతుందేమో అడగండి. వెనక ఫెండర్ అలా కాదు, బాడీకి వెల్డింగ్ చేసి ఉంటుంది, దాన్ని మార్చడం ఖరీదైన వ్యవహారం. రంగు చిట్లని నునుపైన సొట్టలను లోపలి నుంచి నెట్టి, రంగు వేయకుండానే సరిచేసేవాళ్లు ఉన్నారు. అంచుల మీద, మడత పడ్డ చోట ఆ పద్ధతి పనికిరాదు. ఇక కారంతటికీ రంగు అన్న మాటను షెడ్డువాళ్ల చీటీలోంచి కొట్టించేయండి. స్తంభానికి తగిలింది ఒక పక్క, రంగు నాలుగు పక్కలా ఎందుకు?

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గర ఉన్నది ఒక నెల ఖర్చు. కాంట్రాక్టు ఉద్యోగం చేసే మనిషికి ఆరు నెలలది ఉండాలి. ఈ మాట ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు, విసుగు పుట్టినా మళ్లీ రాస్తాను. కాంట్రాక్టు పొడిగించలేదనుకోండి. కొత్త పని దొరకడానికి మూడు నెలలు పట్టిందనుకోండి. మొదటి నెలాఖరుకు మీ పొదుపు ఖాళీ. లోను వాయిదా మాత్రం ఆగదు. అప్పుడు ఇంటి సరుకులు కూడా కార్డు మీదికి ఎక్కుతాయి, అదీ 42 శాతానికి. మూలిగే నక్క మీద తాటికాయ పడిందంటారే, ఇక్కడ ఆ తాటికాయను మీరే చెట్టెక్కి తెంపుతున్నారు.

పైగా 12 ఏళ్ల కారు ఖర్చులు చెప్పి రావు. బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తే గొప్ప. టైర్ల అరుగుదల కనిపించకపోయినా రబ్బరు వయసు మీరుతుంది. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. వెళ్లి చూడండి. పదేళ్లు దాటి ఉంటే, రంగుకు ఇవ్వబోయిన డబ్బులో మొదటి వాటా వాటిదే. మీ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే పట్టీ) ఉండి, దాన్ని ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే ఇంకా కంగారు పడాలి. చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి, ఆ బిల్లు ముందు మీ సొట్టల బిల్లు చిన్నదైపోతుంది. క్లచ్, రేడియేటర్ సంగతి చెప్పనే లేదు. ఇవన్నీ వదిలి రంగు వేయిస్తే పైన పటారం, లోన లొటారం.

లోను తీసుకుంటే నెలనెలా ఎంత కట్టేవారో, అంత మొత్తాన్ని జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు పంపండి. మీరు ఇచ్చిన లెక్కల ప్రకారం రెండేళ్లకు దాదాపు రెండు నెలల ఖర్చు పోగవుతుంది, ఇప్పుడున్న నెలతో కలిపి మూడు. ఆరుకు ఇంకా సగం దూరం ఉందని నాకూ తెలుసు. వాయిదా కట్టగలమనే మీరు లోను ఆలోచన చేశారు కాబట్టి, 'ఇంతకు మించి మిగలదు' అన్న జవాబు నాకు చెప్పకండి. కారు మరమ్మతులకు ఇంకో చిన్న మొత్తం విడిగా పెట్టుకోండి, ఆ రెండింటినీ కలపవద్దు. కలిపితే ఏ పండగ ముందో సొట్టలే గెలుస్తాయి.

బీమా గురించి ఒక్క మాట: థర్డ్ పార్టీ పాలసీ మీ కారు సొట్టలకు ఏమీ ఇవ్వదు, ఇంత తక్కువ విలువ కారుకు అది ఒక్కటే ఉండటం తప్పూ కాదు. సమగ్ర పాలసీ ఉన్న పాఠకులు మాత్రం క్లెయిమ్‌కు ముందు, మీరు భరించాల్సిన వాటా ఎంతో, పోయే నో క్లెయిమ్ తగ్గింపు (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో తగ్గేది) ఎంతో కలిపి చూసుకోండి. చిన్న సొట్టలకు చాలాసార్లు గిట్టుబాటు కాదు. పొదుపు ఖాతా ఖాళీ చేసి రంగు వేయించే ఆలోచన ఉంటే, దానికీ నా జవాబు వద్దు అనే.

ఆఫీసులో చిన్నతనం మాట నేను కొట్టిపారేయడం లేదు. కారు ఎడమవైపు గోడ వచ్చేలా పార్క్ చేసుకోండి. లోను దరఖాస్తు ఇచ్చి ఉంటే రేపే ఫోన్ చేసి రద్దు చేయించండి. రుసుము కట్టి ఉంటే అది తిరిగి రాదేమోనని ముందుకు వెళ్లకండి. కాంట్రాక్టు పొడిగించిన కాగితం చేతికొచ్చాక మళ్లీ రాయండి. ఈసారి ఇంటి ఖర్చుల వివరాలు, మీ ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా వివరాలు జతచేయండి. మొదటి ఉత్తరంలో ఆ రెండూ లేవు.