దేవమాలి గడ్డికొండను ఒక్కరోజులో ఎక్కి దిగాలంటే

మీరు విజయనగరం నుంచి వచ్చి, ఇద్దరు మిత్రులతోనూ అరవై దాటిన నాన్నగారితోనూ కలిసి, డిసెంబరు మొదటి వారంలో దేవమాలిని కాలినడకన ఎక్కి అదే రోజు దిగిపోవచ్చా అని అడిగారు. మా కుటుంబం చాలాకాలంగా ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో ఉంటోంది, ఆ కొండ మీదికి నేను తరచుగా వెళ్తుంటాను. దిగిపోవచ్చండీ. అయితే ఎక్కడానికి కాదు, దిగడానికి ముందుగా ప్రణాళిక వేసుకోండి.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు; ఒడిశాలో ఇదే అత్యున్నత శిఖరం. చుట్టూ ఉన్న కొరాపుట్ పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నిజంగా ఎక్కవలసింది మీరు ఎక్కడ నడక మొదలుపెడతారన్న దానిమీద ఆధారపడుతుంది. నడక సమయాన్ని లెక్కించడానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇక్కడ కూడా బాగానే పనికొస్తుంది: అయిదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా మరో గంట. ఆరు కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎక్కుడు అనుకుంటే రెండు గంటల పన్నెండు నిమిషాలు అవుతుంది. విశ్రాంతినీ, ఫోటోలనూ కలుపుకొని మూడున్నర గంటలు కేటాయించుకోండి. డిసెంబరు తొలివారాల్లో మా వైపు సాయంత్రం అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది. అందుచేత ముందురోజే సాలూరు ఘాట్ దాటి సిమిలిగుడలోనో సునాబెడలోనో బస చేసి, మర్నాడు ఏడింటికల్లా నడక ప్రారంభించండి. శిఖరం చేరినా చేరకపోయినా పన్నెండున్నరకు వెనక్కి తిరగాలని నలుగురూ ముందే ఒప్పుకోండి.

దిగడం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, చెట్లులేని గడ్డికొండపై ఆనవాళ్లు తక్కువ. ఎక్కేటప్పుడు అన్ని దారులూ పైకే పోతాయి కాబట్టి దారి తప్పినట్టు తెలియదు. దిగేటప్పుడు మాత్రం ఒకేలా కనబడే నాలుగైదు గట్లలో ఏదో ఒకటి పట్టుకుంటే వేరే లోయలో తేలతారు. ఒక శీతకాలపు ఉదయం మేము పైన ఉండగా తూర్పు లోయలోంచి పొగమంచు లేచింది. చూస్తుండగానే పదడుగుల దూరంలో ఉన్న మిత్రుడి చొక్కా రంగు కూడా కనబడకుండా పోయింది. కదలకుండా ఒక బండ పక్కన కూర్చుని, ఎండెక్కి మంచు విడిన తర్వాతే దిగాము. మీరూ అలాగే చేయండి. మంచులో నడవడం కంటే గంటసేపు కూర్చోవడమే మేలు. ఎక్కుతున్నప్పుడు పావుగంటకోసారి వెనక్కి తిరిగి, దిగేటప్పుడు కనబడబోయే దృశ్యాన్ని ఫోటో తీసి పెట్టుకోండి: ఫలానా బండ, ఫలానా మలుపు, కింద ఊరి కప్పులు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం వెంట ఉంటే ఇంకా మంచిది. అందులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఎత్తుగీతలు దగ్గరదగ్గరగా ఉన్న వైపు వాలు నిటారుగా ఉంటుంది, అటు దిగకండి. సన్నని పశువుల బాటలను నమ్ముకోవద్దు. అవి మేత కోసం కొండ నడుము చుట్టూ తిరుగుతాయే తప్ప శిఖరానికో ఊరికో తీసుకుపోవు.

గడ్డి విషయం కూడా చెప్పాలి. డిసెంబరుకు అది ఎండి ఒకే వైపు వాలి ఉంటుంది. దాని మీద కాలు వేస్తే నూనె రాసిన పలక మీద వేసినట్టే జారుతుంది. అడుగున గాడులున్న బూట్లు వేసుకుని, వెదురు కర్ర పట్టుకుని, దిగేటప్పుడు తిన్నగా కాకుండా ఏటవాలుగా అడుగులు వేయండి. ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకు కొండంతా అంటుకుంటుంది కాబట్టి పైన పొయ్యి రాజేయడం, బీడీ ముట్టించడం దయచేసి చేయవద్దు. ఆ గడ్డి అక్కడి ఊళ్ల పశువులకు మేత.

పైభాగాన నీళ్లు దొరుకుతాయని ఆశపడకండి. గెడ్డలన్నీ, అంటే వాగులన్నీ, కింది లోయల్లోనే ఉంటాయి. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి. నీడ ఉండదు కనుక టోపీ, గాలి విసురు ఎక్కువ కనుక స్వెట్టరు, రెండూ కావాలి. పీఠభూమి మీద కంటే పైన దాదాపు అయిదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వాతావరణ శాఖ చెబితే ప్రయాణం వాయిదా వేసుకోండి.

దారి చూపే మనిషి తప్పక ఉండాలని నా అభిప్రాయం. కింది ఊళ్లో అడిగితే ఎవరో ఒకరు వస్తారు. కూలి ముందే మాట్లాడుకుని, వారికి కూడా భోజనం పట్టుకెళ్లండి. అక్కడివారు దేశియా అనే ఒడియా మాండలికం మాట్లాడుకుంటారు, సంతలకు వచ్చేవారిలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది. చోడి, వలిసె చేలకు అడ్డంగా పోకుండా గట్టు వెంట నడవండి.

నాన్నగారి సంగతి: కొండపైకి జీపు దారి ఉంది. మోకాళ్ల నొప్పులుంటే ఆయనను జీపులో పంపించి, మీరు ముగ్గురూ నడిచి పైన కలుసుకోండి. ఫోను సిగ్నల్ అంతటా అందదు కాబట్టి కలుసుకునే చోటునూ, వేళనూ కిందే నిర్ణయించుకోండి. దిగేటప్పుడు మీలో ఎవరైనా అలసిపోతే అదే జీపులో రావచ్చు.