ఒరేయ్ అల్లుడూ, పొట్లంలో చేప వండాలంటే...

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. శనివారం ఆరుగురు భోజనానికొస్తున్నారు, అందులో ఒకమ్మాయికి రొయ్యలు పడవు, నీ రూమ్మేట్‌కి చేపల వాసనొస్తే తలనొప్పి, ఆ అపార్ట్‌మెంట్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పేరుకే ఉంది, ఇన్ని ఉన్నా చేపే పెడతానంటావు, అచ్చం మీ నాన్నే. సరే అయితే వేపుడూ పులుసూ పక్కన పెట్టి పొట్లాలు కట్టు. ఓవెన్‌లో వాడే పార్చ్‌మెంట్ పేపర్‌లో చేప ముక్క పెట్టి దాని మీద ఏవో రెండు మూడు వేసి అంచులు మడిచి ఓవెన్‌లో పెట్టావంటే పావుగంటలో అయిపోతుంది, వాసన చాలా మటుకు పేపర్‌లోనే ఉండిపోతుంది, ఎవరి పొట్లం వాళ్ళది కాబట్టి ఆ పిల్లకి రొయ్యల్లేకుండా వేరేగా కట్టొచ్చు. ఆమెది ముందే కట్టేసి పేపర్ మీద పెన్సిల్‌తో పేరు రాసి వేరే ట్రేలో పెట్టేశాకే రొయ్యల ప్యాకెట్ విప్పు, అదే చాకూ అదే చెక్కా వాడకు, పడకపోవడం అంటే కొందరికి చిన్న విషయం కాదు.

నువ్వుండేది హ్యూస్టన్ కదా, ఈ వంటకి పేరు తెచ్చిన ఊరు మీ పక్క రాష్ట్రంలోనే ఉంది. ఫ్రెంచి వాళ్ళు దీన్ని ఆఁ పాపియోత్ అంటారు, ఇటలీ వాళ్ళు అల్ కార్తోచ్చో అంటారు. న్యూ ఆర్లీన్స్‌లో ఆంటోయిన్స్ అని 1840 నుంచీ నడుస్తున్న రెస్టారెంట్ ఉంది, అక్కడ పాంపనో అనే చేపని రొయ్యలూ పీత మాంసమూ వైట్ వైన్ సాసుతో కలిపి పేపర్‌లో కట్టి వండేవాళ్ళు. శాంటోస్ డూమాంట్ అని బ్రెజిల్ ఆయన ఉండేవాడు, 1901లో పారిస్‌లో ఐఫిల్ టవర్ చుట్టూ ఎయిర్‌షిప్‌లో, అంటే ఇంజన్ పెట్టిన పెద్ద బెలూన్‌లో, తిరిగొచ్చినాయన, ఆయన గౌరవంగానే పేపర్ బెలూన్‌లా ఉబ్బేటట్టు ఈ వంట చేశారని అక్కడ చెప్పుకుంటారు. నేను అక్కడి మెక్సికో గల్ఫ్ ఒడ్డున కిచెన్‌లో పని చేసినన్నాళ్ళూ ఈ కథ చెప్పని వెయిటర్‌ని చూళ్ళేదు. అన్నట్టు మార్కెట్‌లో పాంపనో చూసి మన చందువా అనుకునేవు, చూడ్డానికి కాస్త అలాగే ఉంటుంది గానీ అది వేరే చేప. రుచి మాత్రం బాగుంటుంది, దొరికితే వదలకు.

ఇప్పుడు అసలు సంగతి. పొట్లంలో ఉండేది ఆవిరి. ఓవెన్ 400 ఫారెన్‌హీట్ మీద పెట్టినా లోపల తడి ఉన్నంతసేపూ వేడి నీళ్ళు మరిగే వేడి దాటి పెద్దగా పోదు. కాబట్టి లోపల ఏదీ వేగదు, ఎర్రబడదు, పచ్చివాసన పోదు. మనవాళ్ళు చెడగొట్టేది సరిగ్గా ఇక్కడే, పులుసుకి వేసినట్టు కారం, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉల్లిపాయలు అన్నీ పచ్చిగా పట్టించి కట్టేస్తారు, తీరా విప్పితే చేప ఉడికిపోయుంటుంది, మసాలా పచ్చిగా నోటికి తగులుతుంది. పోనీ మసాలా కోసం ఇంకో పది నిమిషాలు ఉంచుదామంటే చేప పీచయిపోతుంది. అందుకని ఒకటే గుర్తు పెట్టుకో, పచ్చిగా నోట్లో వేసుకున్నా బాగుండేది పచ్చిగా వెయ్యి, మిగతాదంతా పొయ్యి మీద ముందే వండి చల్లార్చి వెయ్యి. కొత్తిమీర, సన్నగా సూదుల్లా తరిగిన అల్లం, చెర్రీ టమాటాలు, దంచిన మిరియాలు, పచ్చి కొబ్బరి ఇవన్నీ పచ్చిగా వెయ్యొచ్చు. పార్శీ వాళ్ళ పాత్రానీ మచ్ఛీ అంత బాగా కుదిరేది ఇందుకే, వాళ్ళు చందువాకి పట్టించేది కొబ్బరీ కొత్తిమీరా పచ్చిమిర్చీ రుబ్బిన పచ్చడే కదా, వండకపోయినా తినొచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం, గోంగూర మాత్రం ముందే నూనెలో మగ్గాలి. బంగాళాదుంపలు వేస్తానంటే పల్చటి చక్రాలు కోసి ముందు ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి అడుగున పరుచు, పచ్చివి వేస్తే పంటికింద కరకరలాడతాయి. బియ్యం వేద్దామని మాత్రం అనుకోకు, అన్నం విడిగా వండు, పొట్లంలో దిగిన రసం అన్నంలో కలుపుకుంటే దాని రుచే వేరు.

మనవాళ్ళకి నచ్చేలా ఒకటి చెప్తాను. ఒక ముక్కకి రెండు చెంచాల నూనె చొప్పున బాండీలో వేసి ఆవాలు చిటపటలాడాక చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి ఉల్లిపాయ మెత్తబడేదాకా వేపు, దించే ముందు పసుపూ కారం వేసి అర నిమిషం తిప్పి చల్లార్చు. చేప మీద ఇది పరిచి రెండు టేబుల్ స్పూన్లు చిక్కటి కొబ్బరిపాలు పోసి కట్టెయ్యి. ఇదే ఇంగ్లీషు స్నేహితులకైతే వెన్న, మిరియాలు, సోంపు దుంప అదే ఫెనెల్ అంటారు అది సన్నగా తురిమి వేసి ఓ చుక్క వైట్ వైన్ పోస్తే చాలు. తడి మాత్రం పొట్లానికి రెండు టేబుల్ స్పూన్లు మించొద్దు, మరీ ఎక్కువైతే చేప నీళ్ళల్లో ఉడికినట్టే, అసలు లేకపోతే పేపర్ ఉబ్బదు. నిమ్మకాయ చక్రాలు ఫొటోకి బాగుంటాయి గానీ తెల్ల తొక్క చేదు దిగుతుంది, విప్పాక రసం పిండుకోమను.

చేప దగ్గరకొస్తే, ముళ్ళు లేని పలక ముక్క, ఫిల్లే అంటారు, అది తీసుకో, అన్నీ ఒకే మందం ఉండాలి, ఇదొక్కటీ కౌంటర్ దగ్గర మొహమాటం లేకుండా అడుగు. తోక వైపు పల్చటి ముక్క ఇస్తే దాన్ని కిందికి మడిచెయ్యి. గల్ఫ్ రెడ్ స్నాపర్, ఫ్లౌండర్, కాడ్, సాల్మన్ అన్నీ బాగుంటాయి. ఫ్రోజెన్ సెక్షన్‌లో బారముండి అని అమ్ముతారు చూడు, అది మన పండుగప్పే, బెంగాలీ వాళ్ళ భెట్కీ కూడా అదే. ట్యూనా పెట్టకు, ఎండిపోతుంది. ఇక పులసని ఎప్పుడైనా పేపర్‌లో కట్టావని తెలిస్తే ఈ ఇంటికి రానివ్వను, బెంగాలీ వాళ్ళు అదే చేపని అరిటాకులో చుట్టి ఆవపిండితో వండుతారు, అది వాళ్ళిష్టం, గోదారోళ్ళకి మాత్రం పులుసే. ఫ్రోజెన్ చేప కొంటే ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చు, గాలి తీసేసి సీల్ చేసిన ప్యాకెట్ అయితే కరగబెట్టేముందే కత్తిరించి తెరువు, గాలి తగలకుండా ఉంటే బోట్యులిజం అనే జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బాక్టీరియా పెరగొచ్చు, చాలా ప్యాకెట్ల మీద చిన్నక్షరాల్లో రాస్తారు గానీ ఎవడూ చదవడు. కరిగాక పేపర్ టవల్‌తో బాగా అద్ది ఆరబెట్టు.

రొయ్యలు, ఆల్చిప్పల విషయంలో కాస్త జాగ్రత్త. రొయ్యలు చేప కంటే ముందు ఉడుకుతాయి. ప్యాకెట్ మీద 16/20 అని ఉంటే పౌనుకి పదహారు నుంచి ఇరవై వస్తాయని, ఆ సైజుకి అరంగుళం మందం ఫిల్లే సరిపోతుంది, రెండూ కలిసి అవుతాయి. అంగుళం మందం ముక్కతో చిన్న రొయ్యలు పెడితే రొయ్యలు రబ్బరవుతాయి, అప్పుడు రొయ్యల పొట్లం విడిగా కట్టి తర్వాత లోపల పెట్టడమే మంచిది. పీత మాంసం డబ్బాలో వచ్చేది ముందే ఉడికింది, చేప మీద ఊరికే వేస్తే చాలు. క్లామ్స్ తెస్తే లీటరు నీళ్ళకి 35 గ్రాముల ఉప్పు కలిపి అందులో ఓ అరగంటా గంటా ఉంచు, ఇసక కక్కేస్తాయి, మంచి నీళ్ళలో నానబెడితే చచ్చిపోతాయి. మసెల్స్‌కి పక్కన గడ్డంలా పీచు ఉంటుంది, అది లాగెయ్యి. నోరు తెరిచున్నదాన్ని వేలితో తట్టు, మూసుకుంటే బతికున్నట్టు, మూసుకోకపోతే పారెయ్యి. ఇవి ఉడికేటప్పుడు సముద్రపు ఉప్పునీళ్ళే వదుల్తాయి కాబట్టి ఆ పొట్లంలో ఉప్పు వెయ్యకు, చిప్పల అంచులు పేపర్ కోసేస్తాయి కాబట్టి రెండు పొరలు వెయ్యి. ఇటలీ వాళ్ళు స్పగెట్టీని రెండు మూడు నిమిషాలు తక్కువ ఉడికించి వీటితో కలిపి పొట్లం కట్టేస్తారు, ఆ రసం అంతా పాస్తా పీల్చుకుంటుంది, ఒక్కసారి చేసి చూడు.

పేపర్ కొనేటప్పుడు పార్చ్‌మెంట్ అని చూసి కొను, పక్కనే వ్యాక్స్ పేపర్ ఉంటుంది, అది మైనం, ఓవెన్‌లో కరుగుతుంది. డబ్బా మీద ఎంత వేడికి తట్టుకుంటుందో రాసుంటుంది, ఎక్కువగా 420, 425 ఫారెన్‌హీట్ ఉంటుంది, అది దాటకు, ఓవెన్‌లో పైనుంచి నేరుగా మాడ్చే బ్రాయిలర్ అసలు వెయ్యకు. ఫాయిల్ వాడొచ్చు కదా అంటావు, నిమ్మరసం, టమాటా, చింతపండు లాంటి పులుపు తగిలితే అల్యూమినియం రుచి దిగుతుంది. అడుగున్నర పొడుగు ముక్క చించి సగానికి మడిచి మడత వైపు నుంచి సగం గుండె ఆకారం కత్తిరించు, విప్పితే నిండు గుండె వస్తుంది. ఒక సగంలో మడతకి ఆనుకుని అడుగున కూరలు, వాటి మీద చేప, పైన తాలింపు, చుట్టూ రెండు వేళ్ళ జాగా వదిలెయ్యి. రెండో సగం మూసి పైన గుండ్రంగా ఉన్న వైపు నుంచి మొదలెట్టు, అంచుని అంగుళం చొప్పున లోపలికి మడిచి గోటితో గట్టిగా నొక్కు, తర్వాతి మడత ముందు మడతని సగం కప్పాలి, అలా కజ్జికాయ అంచు కుట్టినట్టే కుట్టుకుంటూ మొన దగ్గరికొచ్చి మెలిపెట్టి కిందికి తోసెయ్యి. మొదటిది వంకరగానే వస్తుంది, మడతలు బిగుతుగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం, అందం తర్వాత.

ముందుగానే కట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు గానీ మూడు నాలుగు గంటలు మించితే పేపర్ తడిసి చిరుగుతుంది. ఓవెన్ 400 మీద పూర్తిగా వేడెక్కాలి, ఖాళీ ట్రే కూడా లోపలే పెట్టి వేడి చెయ్యి. అంగుళం మందానికి 15 నిమిషాలు, అరంగుళానికి 10, ఫ్రిజ్ నుంచి నేరుగా పెడితే ఇంకో రెండు మూడు. పేపర్ ఉబ్బి అక్కడక్కడా గోధుమ రంగు తిరుగుతుంది, అది చూసి అయిపోయిందనుకోకు, ఉబ్బడం ఆవిరి వల్ల, ఉడకడం మందాన్ని బట్టి. నీ పొట్లం ఒక్కటి బలిచ్చి పేపర్ మీద నుంచే థర్మామీటర్ గుచ్చు, అమెరికా ప్రభుత్వం వాళ్ళు చేపకి చెప్పే లెక్క 145, బయటకి తీశాక కూడా లోపల కాసేపు ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి 138, 140 దగ్గర తీసేసి మూడు నిమిషాలు ఆగితే ఆ లెక్కకొచ్చేస్తుంది, వచ్చిందో లేదో ఇంకోసారి గుచ్చి చూసుకో. చిప్పలవైతే అన్నీ నోళ్ళు తెరవాలి, తెరవనిది తినొద్దు. పొట్లాలు కట్టినవి కట్టినట్టే ప్లేట్లలో పెట్టి పక్కన కత్తెర ఇవ్వు, మొహానికి అవతల వైపు కొయ్యమని ముందే చెప్పు, ఆ ఆవిరి చెయ్యి కాలుస్తుంది.

వాసన గురించి ఇంకోటి, వంటప్పుడు కాదురా అసలు వాసనొచ్చేది, మర్నాడు చెత్తబుట్టలోంచి. తిన్న పేపర్లూ రొయ్యల పొట్టూ జిప్ కవర్‌లో కట్టి ఆ రాత్రే కిందకి దించెయ్యి, కుదరకపోతే చెత్త బండి వచ్చేదాకా ఫ్రీజర్‌లో పెట్టు.

శుక్రవారం ఒక్క ముక్కతో ఒక పొట్లం కట్టి చూసుకో. మడతలు ఫొటో తీసి పెట్టు, నీకు పొద్దున్నంటే మాకు రాత్రి, పడుకునేలోపు చూసి చెప్తాను. ఆ రూమ్మేట్ తినకపోతే వాడికి పుట్టగొడుగులూ పనీరూ పెట్టి ఇలాగే ఇంకోటి కట్టు.

మీ అత్త