రెండోసారి ఎవరు తీసుకెళ్తారో ముందే అడుగు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీకు రాయచోటి వైపు పోస్టింగ్ వచ్చిందని, బడి పిల్లలు, కాలేజీ పిల్లల మానసిక ఆరోగ్యం పని నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా రిటైరై చాలా కాలమైంది. పథకాల పేర్లు, ఫారాలు మారి ఉంటాయి, అవి నీకే బాగా తెలుస్తాయి. ఇళ్లు మాత్రం అంతగా మారలేదు కాబట్టి ఇళ్ల గురించే రాస్తాను.

నీ రిజిస్టర్‌లో ఎంతమందిని గుర్తించావు, ఎంతమందిని రిఫర్ చేశావు అని రెండు గడులుంటాయి. పైవాళ్లు ఆ రెండే అడుగుతారు. నువ్వు మూడో గడి ఒకటి గీసుకో: రెండోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లారా లేదా. మొదటిసారి ఎలాగోలా వెళ్తారు. ఇంట్లో అందరూ హడలిపోయి ఉంటారు కాబట్టి అప్పో సప్పో చేసి కడప ఆసుపత్రికి బయలుదేరతారు. రెండోసారికి భయం తగ్గుతుంది, ఖర్చు గుర్తుకొస్తుంది. ఇద్దరికి రానూపోనూ బస్సు చార్జీలు, ఆ రోజు పోయే కూలి, ఓపీ చీటీ దగ్గర క్యూ. గొర్రెలున్న ఇల్లయితే వాటిని ఎవరు మేపుతారన్నది ఇంకో సమస్య. "బాగానే ఉంది కదా, మళ్లీ ఎందుకు" అని ఆగిపోతారు. ఆసుపత్రికి రిఫరల్ చీటీ రాసి ఇచ్చే రోజే వచ్చే నెల ఎవరు తీసుకెళ్తారు, ఏ రోజు, ఆ రోజు ఇంటి పని ఎవరు చూస్తారు అని అడిగి రాసుకో. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు మీ ఏరియా ఆసుపత్రికి వచ్చే రోజేదో కనుక్కో. అక్కడ పని జరిగితే కడపదాకా పంపకు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్కగట్టింది. ఆ లెక్కన 300 మంది ఉన్న హైస్కూల్లో ఇరవై మంది పైనే ఉంటారు. అందర్నీ డాక్టర్ దగ్గరికి పంపాల్సిన పని లేదు. చాలామందికి ఒక టీచరు, ఇంట్లో ఒకరు, నువ్వు కలిసి నాలుగు వారాలు పట్టించుకుంటే సరిపోతుంది. ఎవరిని పంపాలో, ఎవరిని పంపక్కర్లేదో తేల్చుకోవడం కూడా నీ పనే.

ఇక ఇంట్లో మాట చెల్లేది ఎవరిదో ముందు తెలుసుకో. మీ వైపు చాలా ఇళ్లలో అమ్మో నాన్నో కువైట్‌లో ఉంటారు. ఇక్కడ పిల్లని చూసేది అవ్వ, నిర్ణయం చేసేది డబ్బు పంపేవాళ్లు. అవ్వను కూర్చోబెట్టి గంటసేపు చెప్పినా, ఆ రాత్రి కువైట్ నుంచి "ఆ మాత్రలు వద్దు, మత్తు మందులవి" అని ఒక్క ఫోనొస్తే నీ గంట గంగలో కలిసినట్టే. అందుకని వాళ్లతో వాట్సాప్‌లో నువ్వే మాట్లాడు. అవ్వ ఫోన్ నుంచే, అవ్వ పక్కన ఉండగా, స్పీకర్ పెట్టి మాట్లాడు. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, పైగా ఇంటి పనిలో ఉన్నవాళ్లకు పగలు ఫోను ముట్టుకునే వీలుండదు. ఎప్పుడు తీరికో వాళ్లనే అడుగు. జబ్బు పేరుతో మొదలుపెట్టకు. నిద్ర పట్టడం లేదు, అన్నం తినడం లేదు, బడికి పోనంటోంది అని కళ్లకు కనిపించేవే చెప్పు. దూరాన ఉన్న తల్లికి ముందు వచ్చేది "నేను వచ్చేసినందుకే ఇలా అయింది" అన్న ఏడుపు. ఆ ఏడుపు అయ్యేదాకా ఆగి, అప్పుడు మందుల మాట ఎత్తు.

మందుల గురించి మాత్రం దాపరికం వద్దు. దిగులుకిచ్చే మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం, కడుపులో తిప్పడం మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఇది ముందే చెప్పకపోతే నాలుగో రోజే మాత్రలు చెత్తబుట్టలో ఉంటాయి. ఈ వయసు పిల్లల్లో మొదటి వారాలు ఇంకో కారణానికీ జాగ్రత్తగా ఉండాలి. కొందరికి అప్పుడే చిరాకు పెరగడం, చచ్చిపోవాలన్న ఆలోచన రావడం జరుగుతుంది. ఆ రోజుల్లో రెండు మూడు రోజులకోసారైనా ఫోన్ చెయ్యి. తేడా కనిపిస్తే మాత్రలు వాళ్లంతట వాళ్లే ఆపేయకుండా వెంటనే డాక్టరుతో మాట్లాడించు.

ఆ ఆలోచన గురించి సూటిగానే అడగాలి. "బతకాలని లేదనిపిస్తోందా? చచ్చిపోవాలనుకున్నావా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామంది టీచర్లకుంది. అలా పుట్టదు, అడిగిన మనిషి దొరికారన్న ఊరట పుడుతుంది. అవునంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకు, ఇంట్లో ఒకరికి విషయం తెలియాలి. ఆ సాయంత్రమే పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లోంచి తీయించెయ్. పొలం ఉన్న ఇళ్లలో మంచం కింద, వసారా మూలన డబ్బాలు పడి ఉంటాయి. "ఇది దాస్తే ఇంకోటి చూసుకుంటారులే" అని మగవాళ్లు వాదిస్తారు. శ్రీలంకలో అతి విషపు పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గిపోయాయి. ఆ గడియ దాటితే చాలామంది బతుకుతారు. ఈ విషయంలో ఎవరేమన్నా మొండిగానే ఉండు.

అప్పటికే ప్రయత్నం చేసి ఆసుపత్రిలో చేరిన పిల్ల విషయం వేరు. పోలీసు కేసవుతుందని భయపడి ఇంట్లోవాళ్లు "పొరపాటున తాగింది" అంటారు. వాంతులు చేయించి, రెండు రోజులుంచి ఇంటికి పంపేస్తారు, సైకియాట్రీ వాళ్లకు కబురే వెళ్లదు. అసలు ప్రమాదం ఇంటికొచ్చాకే. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 ప్రకారం ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు అనే రికార్డు) రాస్తారు, దానర్థం పిల్ల మీద కేసు పెట్టారని కాదు. ఇది తండ్రికి నెమ్మదిగా చెప్పు. డిశ్చార్జికి ముందే సైకియాట్రీ డాక్టర్ని పిలిపించమని డ్యూటీ డాక్టర్ని నువ్వే అడుగు. విసుక్కున్నా అడుగు.

దర్గాకు, గుడికి వెళ్లేవాళ్లతో గొడవ పెట్టుకోకు. గాలి సోకిందని తాయెత్తు కట్టించిన తల్లి, పిల్ల కోసం ఏదో ఒకటి చేస్తున్న తల్లి. తాయెత్తు ఉంచండి, మాత్రా వేయండి అను. గుజరాత్‌లో ఉనావా దర్గా దగ్గర దవా (మందు), దువా (ప్రార్థన) రెండూ కలిపి నడిపిస్తున్నారు. నువ్వూ మీ దర్గాకు వెళ్లి, దాన్ని చూసుకునే ముజావర్‌కు సలాం చెప్పి, ఫిట్స్ వచ్చే పిల్లలను, తిండి మానేసిన పిల్లలను మా దగ్గరికీ పంపండి అని అడుగు, కొందరైనా పంపుతారు. కట్టేయడం, కొట్టడం మాత్రం ఎక్కడ జరిగినా ఊరుకోకు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే చోట మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసిన పాతిక మందికి పైగా కదల్లేక కాలిపోయారు. చట్టం కూడా గొలుసు వేయడాన్ని నిషేధించింది.

"పెళ్లి చేస్తే కుదురుకుంటుంది" అనే మాటా వింటావు. పదిహేనేళ్ల పిల్ల విషయంలో అది మాటలతో ఆగకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఊళ్లో గుట్టు దాగదు. ఆశా కార్యకర్త ఆ ఇంటి పక్కింటావిడే అయి ఉంటుంది, ఆమె లేకపోతే నీ పని నడవదు కూడా. ఆమెకు ఎంత అవసరమో అంతే చెప్పు. "ఈ పిల్ల మాత్ర వేసుకుందో లేదో వారానికోసారి చూడక్కా" అంటే చాలు, పిల్ల నీతో చెప్పుకున్నదంతా ఆమెకెందుకు? ప్రభుత్వ బండి ఆ ఇంటి ముందు ఆపకు. ఆడపిల్ల అయితే సంబంధాలు రావన్న భయంతో ఆ తర్వాత తలుపే తీయరు. బడిలోనో, విలేజ్ క్లినిక్‌లో బీపీ చూసే రోజునో కలువు. పిల్లకు మాత్రం "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. మాటలు మొదలుపెట్టకముందే, నీకు ప్రమాదం ఉంటే మాత్రం సాయం చేయగలవాళ్లకు చెప్తాను అని చెప్పేసెయ్.

గంజాయి అలవాటైన అబ్బాయిల దగ్గరికి నువ్వు పోలీసులను వెంటబెట్టుకుని వెళ్తే మళ్లీ ఆ వీధిలో నీతో ఎవరూ మాట్లాడరు. మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు తల్లికివ్వు. తండ్రి కొట్టడం ఆపాడా అన్నది ముందు చూడు.

నెలకోసారి మీటింగ్ పెట్టమంటారు. అంకెలు చదివి టీ తాగి లేచే మీటింగ్ వద్దు. విలేజ్ క్లినిక్ చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఏఎన్‌ఎం నర్సు, బడి నుంచి ఒక టీచరు, సచివాలయం మహిళా పోలీసు కూర్చుని ముగ్గురు పిల్లల గురించే మాట్లాడండి. ఇంట్లోవాళ్ల అనుమతితోనే మాట్లాడండి, వీలైతే తల్లినీ పిలువు. ఎవరు ఏం చేస్తారు, ఏ తేదీకి అన్నది ఒక కాగితం మీద రాసి తల్లికి కూడా ఒకటివ్వు. చదువు రాకపోతే పిల్ల చదివి వినిపిస్తుంది. అసలు ఆ పిల్లకూ తెలియాలి కదా తన గురించి ఏమనుకున్నారో. టీచర్ల బదిలీలప్పుడు ఈ కాగితమే కొత్త టీచరుకు అందాలి, లేకపోతే పిల్ల తన కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. రెండుసార్లు చెప్పాక పిల్లలు నోరు విప్పరు.

హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో ఉన్నవాళ్లు నీకు సులువుగా దొరకరు. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. ప్రిన్సిపాల్ కాదు కూడదంటే ఆ తీర్పు కాపీ ముందు పెట్టు.

14416 గోడ మీద అంటించి వదిలేయకు. అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మొదటిసారి నువ్వు పక్కన కూర్చుని పిల్ల చేతే డయల్ చేయించు. అవతల ఎవరుంటారో ఒకసారి విన్న పిల్ల అర్ధరాత్రి కూడా చేస్తుంది.

ఇంటర్ ఫలితాలు మామూలుగా ఏప్రిల్‌లో వస్తాయి. ఆ వారం సెలవు పెట్టకు. తప్పుతామన్న టెన్షన్‌లో ఉన్న పిల్లల పేర్లు లెక్చరర్లను అడిగి ముందే తీసుకుని, ఆ ఇళ్లకు ఫలితాల ముందురోజే ఫోన్ చెయ్యి. సప్లిమెంటరీ ఎప్పుడో, ఫీజు ఎప్పటిలోగా కట్టాలో నీ దగ్గర రాసి ఉండాలి. ఆ రోజు తండ్రికి కావలసింది ఆ తేదీలే. మీ మండలంలో ఏ ఊరికి ఏ ఆశా, ఏ బడిలో ఏ టీచరు, ఎవరి ఫోన్ రాత్రిపూట తీస్తారు అని ఒక జాబితా చేసి నాకు పంపు. అక్కడివాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఇంకా ఉంటే చెప్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య