బుజ్జిగాడికి ఊద్ గురించి అత్త చెప్పేది

ఒరేయ్ బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నలభై నిమిషాలు నీ మీద చాడీలు చెప్పింది. ఊద్ అంటూ ఏవో ఏడు బుల్లి అత్తరు సీసాలు తెప్పించావంట, ఒక్కోటి చిటికెన వేలంత కూడా లేదంట, ఆ డబ్బుతో ఫ్రిజ్ వచ్చేదంట, పైగా ఒకదాని మూత తీసేసరికి హాలంతా పశువుల పాక కంపు కొట్టిందంట. రోజుకొకటి పూసుకుని ఆఫీసుకెళ్ళి ఏది బాగుందో చూసుకుంటానన్నావంట కదా. "మీ మేనల్లుడికి పిచ్చి పట్టింది వదినా, అచ్చం మీ పోలికే" అంది. పైకి అయ్యో అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే నవ్వుకున్నా. మన ఇంట్లో ఇంకొకడికి ముక్కు ఉందిరా అనుకున్నా. ఆ తర్వాత ఇంక నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, వాయిస్ పెడితే నువ్వు స్పీడు పెంచి వింటావు, నాకు తెలుసు.

1994లో నర్సుగా కువైట్ వెళ్ళినప్పుడు నాకు ఊద్ అంటే ఏంటో తెలీదు, అగరు కర్రలోంచి తీసే అత్తరు నూనె అని తర్వాత తెలిసింది. మొదటి చలికాలం ఒక సెలవు రోజు రూమ్ అమ్మాయిలతో కలిసి ముబారకియా సూక్‌కి వెళ్ళాను, కువైట్ సిటీలో పాత బజారది, ఖర్జూరాలు చేపలు బంగారం అన్నీ ఒక్కచోటే. ఒక అత్తరు కొట్టు ముసలాయన పిలిచి నా చేతి మీద గాజుపుల్లతో చిన్న గీత గీశాడు. "హిందీ, హిందీ" అంటున్నాడు. నన్ను చూసి ఇండియన్ అంటున్నాడనుకున్నా, తీరా ఆ నూనె పేరే హిందీ, అస్సాం వైపు నుంచి వచ్చే రకాన్ని వాళ్ళలా పిలుస్తారు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నా. మన అత్తిలి ఇంట్లో పాక రా అది. తెల్లారకుండానే మీ తాతయ్య లేచి పేడ ఎత్తి, కుడితి కలిపి, దోమలకి పిడకల పొగ పెట్టేవాడు చూడు, ఆ పొగ సర్దుకున్నాక దూలాలకి పట్టి ఉండే వాసన. బజారు మధ్యలో నిలబడి ఏడ్చేశాను. ఆ ముసలాయన కంగారుపడిపోయి స్టూలు వేసి టీ తెప్పించాడు. మీ తాతయ్యని నువ్వు చూడలేదు, ఆ పాకా చూడలేదు, ఇప్పుడక్కడ మీ బాబాయ్ కారు పెట్టుకుంటున్నాడు. ఏడు సీసాల్లో నువ్వు ముందు మూత తీసింది దాన్నేనంటే నాకు ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

మీ అమ్మకి చెప్పు, ఆ కంపు పాడైపోయి వచ్చింది కాదని. మా వార్డులో క్లీనింగ్ చేసే కుర్రాడొకడు ఉండేవాడు, బంగ్లాదేశ్‌లో సిల్హెట్ దగ్గర బార్లేఖా వైపు వాళ్ళది, వాళ్ళూళ్ళో అందరిదీ అగరు పనే. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉంటే దాని కర్ర తెల్లగా ఉంటుంది, ఏ వాసనా ఉండదు. పురుగు తొలిచో, కొమ్మ విరిగో లోపలికి బూజు పడితే దాన్ని ఆపడానికి చెట్టు ఒక నల్లటి బంక ఊరబెట్టుకుంటుంది, మనం కొనేది ఆ బంక. అడవి చెట్లు తగ్గిపోయాక వీళ్ళు తోటలేసి, కాండం నిండా ఇనప మేకులు దిగ్గొట్టి కావాలనే గాయం చేస్తారంట. తర్వాత కర్రని ముక్కలు కొట్టి, పొడి చేసి, నీళ్ళల్లో వారాల తరబడి పులియబెట్టి, ఆ తర్వాత రోజుల తరబడి ఉడికించి ఆవిరి పడతారు. పాక వాసన ఆ పులియబెట్టడంలో వస్తుంది. నానబెట్టకుండా తీసిన నూనెలకి అది ఉండదు. కంబోడీ అనేది తియ్యగా పండిన పండులా ఉంటుంది, బోర్నియో వైపుది శుభ్రంగా, గాలి ఆడే గదిలా ఉంటుంది. నా మాట వింటే రోజువారీకి ఆ బోర్నియో లాంటిది ఉంచుకో, హిందీని ఆదివారాలకి ఇంట్లోకి పెట్టుకో. మన ఎండలకి మే నెలలో హిందీ పూసుకుని బయటికెళితే నీ పక్కన కూర్చున్నవాడి ఉసురు తగులుతుంది.

మామూలు జాగ్రత్తలు నీకు ఎలాగూ తెలిసే ఉంటాయి. ముందు మోచేతి మడతలో ఒక చుక్క పెట్టి రెండు రోజులు చూడు, దద్దురు వస్తే మానెయ్. గడ్డం గీసుకున్న చోట రాయొద్దు. తెల్ల చొక్కా కఫ్‌కి తగలనివ్వకు, ఆ గోధుమరంగు మరక పోదు. సీసా బీరువాలో చీకట్లో పెట్టు. చలికి గడ్డకడితే గుప్పిట్లో పట్టుకుంటే చాలు, స్టవ్ దగ్గరికి తీసుకెళ్ళావంటే నేనే బస్సెక్కి వచ్చి కొడతా.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1998 మొదట్లో ఒక పేషెంటు నానమ్మ వెళ్ళిపోతూ నా చేతిలో పావు తులం సీసా పెట్టి గుప్పిట మూసేసింది. అక్కడా తులమే, మన బంగారం పాత తులమే, 11.66 గ్రాములు, అందులో పావంటే మూడు గ్రాములు కూడా ఉండదు. మంచి హిందీ. అంత ఖరీదైన వస్తువు అంతకుముందు నా ఒంటి మీద ఎప్పుడూ లేదు. రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు చెవి వెనక ఒక గీత రాసుకునేదాన్ని, నాన్న పాకలోంచి లేచి వెళ్తున్నట్టు ఉండేది. రెండు వారాలకి వాసన పల్చబడిపోయినట్టు అనిపించింది. ఎండకి ఆవిరైపోతోందేమో, మూత సరిగ్గా లేదేమో అనుకుని రెండు గీతలు చేశా. నెల తిరిగేసరికి రెండు చెవులూ, మణికట్లూ, యూనిఫాం కాలర్ లోపల కూడా. అయినా నాకు ఏదో లీలగా మాత్రమే వచ్చేది. నూనె బాగానే ఉంది రా. నా ముక్కే దాన్ని లెక్కలోంచి తీసేసింది. ఎప్పుడూ ఉండే వాసనని ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది, మన వంటింటి వాసన మనకి తెలీదు చూడు, అలాగ. నర్సింగ్ చదివినదాన్ని, ఆ మాత్రం నాకు తట్టలేదు.

ఏప్రిల్‌లో అక్కడ దుమ్ము లేస్తుంది, ఆకాశం ఇటుకపొడి రంగులోకి మారిపోతుంది, ఆ వారమంతా వార్డులు ఆయాసం పిల్లలతో నిండిపోతాయి. అలాంటి ఒక రాత్రి, ఆరేడేళ్ళ పిల్లాడు, సాయంత్రానికి తేరుకున్నాడు, పొద్దున్నే ఇంటికి పంపేద్దామని డాక్టరు రాసేశాడు కూడా. పడుకునే ముందు నెబ్యులైజర్ మాస్కు సరిచేద్దామని వాడి మీదకి వంగాను. వాడు మొహం తిప్పుకున్నాడు. మారాం చేస్తున్నాడనుకుని ఇంకాస్త వంగి, గడ్డం పట్టుకుని బుజ్జగించా. దగ్గు మొదలైంది. చిన్న చెయ్యి ఎత్తి నా మెడ దగ్గర నెట్టాడు, రెండుసార్లు. దగ్గు ఎక్కువైన కొద్దీ నేను ఇంకా దగ్గరికి జరిగాను, నర్సుని కదా, దగ్గరికి వెళ్ళడమే నాకు తెలిసిన పని. డొక్కలు ఎగరేస్తున్నాడు, పెదాల చుట్టూ రంగు మారుతోంది. అప్పుడు మలయాళీ సీనియర్ సిస్టర్ పరుగున వచ్చి నా భుజం పట్టుకుని వెనక్కి లాగేసింది. తిట్టలేదు. "వెళ్ళి కడుక్కో" అంది, అంతే.

సింకు దగ్గర అరగంట నిలబడ్డాను. సబ్బుకి పోదది. మెడ ఎర్రగా కందిపోయేదాకా రుద్దినా చేతులకి ఉన్నట్టే ఉంది, అప్పుడు మాత్రం నాకు వాసన వచ్చింది చూడు, గుప్పుమని, తలుపు తెరిచినట్టు. కిటికీ అద్దంలోంచి చూస్తే లోపల వాడి చుట్టూ నలుగురు. నేనే బయట.

పిల్లాడికి తెల్లారేసరికి తగ్గింది, ఇంకో రెండు రోజులుండి ఇంటికెళ్ళాడు. దుమ్ము వల్ల వచ్చిందా నా వల్ల వచ్చిందా అని ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ కంప్లయింట్ రాయలేదు. మర్నాడు రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి పిల్లాడి తల్లి ఆ సీనియర్ సిస్టర్ దగ్గరికెళ్ళి నెమ్మదిగా ఏదో చెప్పింది, నన్ను వేరే బెడ్లకి మార్చారు. నేను పక్కనుంచి వెళితే ఆ తల్లి నాకు సలాం కూడా చెప్పింది. ఆ మర్యాద ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గది ఊడ్చే ఆ సిల్హెట్ కుర్రాడు మాత్రం వారం తర్వాత, తుడుపు కర్ర మీద గడ్డం ఆనించి, "సిస్టర్, మీరు లిఫ్ట్‌లో వచ్చి వెళ్ళిన అరగంటకి కూడా మాకు తెలిసిపోయేది" అన్నాడు. మరి ముందే చెప్పొచ్చు కదరా అంటే నవ్వాడు. "పెద్దవాళ్ళకి ఎలా చెప్తాం?"

అర్థమైందా నీకు? నీ టీమ్‌లో వాళ్ళు నీకు చెప్పరు. నీ మేనేజర్ చెప్పడు, లిఫ్ట్‌లో ఊపిరి బిగపట్టుకున్న అమ్మాయి అసలే చెప్పదు. నీ ముక్కు కూడా చెప్పదు. ఏసీ ఆఫీసు, కిటికీ తెరుచుకోదు, ఉన్న గాలే తిరుగుతూ ఉంటుంది. అందుకని ఆఫీసు రోజుల్లో అగ్గిపుల్ల మొన మునిగినంత మాత్రమే తీసుకుని, మెడకి కాదు, చొక్కా లోపల పొట్ట మీద రాసుకో. నువ్వు వంగినప్పుడు నీకు తెలిస్తే చాలు, టేబుల్ అవతలవాడికి తెలిసిందంటే ఎక్కువైనట్టే. రెండు రోజులు పూసుకుంటే మూడో రోజు ఖాళీగా ఉండు. వాసన తగ్గిందనిపిస్తే ఇంకో గీత గీయకు, ఆ రోజుకి మానెయ్. ఎదురుగా కూర్చునేవాడిని ఒకడిని మంచి చేసుకుని నిజం చెప్పమని అడుగు, చెప్పినప్పుడు మొహం ముడుచుకోకు.

ఇంట్లో అక్క చంటిదాంతో వచ్చి ఉంది కదా. పాపని ఎత్తుకునే ముందు, వింటున్నావా, ముందు కొబ్బరినూనె రాసి దూదితో తుడిచెయ్, ఆ తర్వాత సబ్బు, ఆ తర్వాత చొక్కా మార్చు. నూనెని నూనే లాగుతుంది. ఇది సలహా కాదు, ఆర్డర్. మీ అమ్మ నన్ను అడిగి కనుక్కుంటుంది.

పోల్చి చూడటం గురించి. ఏడూ ఒక్కరోజే చేతుల నిండా గీసుకున్నావని విన్నా, బుద్ధుందా? మూడోదానికే ముక్కు చచ్చిపోతుంది. రెండే తీసుకో, కుడి చేతికొకటి ఎడమ చేతికొకటి, మర్నాడు చేతులు మార్చు. రుద్దకు. పది నిమిషాలకి, గంటకి, నాలుగు గంటలకి, పడుకునే ముందు నోట్‌బుక్‌లో రాసుకో, పెద్ద మాటలక్కర్లేదు, బెల్లం, చెప్పుల కొట్టు, తడి గోనెసంచి, ఏది తోస్తే అది. ముఖ్యంగా పొద్దున్న లేచాక దుప్పటి వాసన చూడు, మంచి నూనె అసలు రంగు అప్పుడు చూపిస్తుంది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తారంటగా ఇప్పుడు, అదేం అక్కర్లేదు, కాసేపు బాల్కనీలో నిలబడు. పేర్లు కనపడకుండా సీసాలు మీ అమ్మని అందివ్వమను, ఖరీదు తెలిస్తే ముక్కు ఖరీదు వైపే వెళ్తుంది.

కల్తీ సంగతి ఒకటే చెప్తా, మిగతాది నీకే తెలుస్తుంది. పొద్దున్న ఎలా ఉందో రాత్రికీ అచ్చం అలాగే, ఒకే గీత గీసినట్టు ఉంటే అది సెంటు. నిజమైనది మారుతుంది, గంట గంటకీ కాస్త వేరే మనిషిలా ఉంటుంది. నాగర్‌మోథా నూనె కలిపి కూడా అమ్ముతారు, అది మన తుంగముస్తల జాతే, మట్టి వాసనతో మొదట బాగానే మోసం చేస్తుంది, తర్వాత అక్కడే ఆగిపోతుంది. ఇంకొకటి, బయటి దేశం నుంచి తెప్పిస్తే కాగితాలు అడుగు. 1995 నుంచి అస్సాం రకం చెట్టు, 2005 నుంచి ఆ జాతి చెట్లన్నీ సైటిస్ అనే ఒప్పందం కింద ఉన్నాయి, అంతరించిపోయే చెట్లూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల మధ్య ఒప్పందం అది, కస్టమ్స్‌లో సీసా పోతే నా దగ్గరికొచ్చి ఏడవకు.

ఆ పావు తులం సీసా నా దగ్గర ఇంకా ఉందిరా. ఆ రాత్రి తర్వాత డ్యూటీకి మళ్ళీ ఎప్పుడూ పూసుకోలేదు, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మాత్రం తీసేదాన్ని, మీ మామయ్య "వచ్చింది పాకలో మహారాణి" అనేవాడు. ఇప్పుడు చిక్కబడి మూత దగ్గర నల్లగా పేరుకుంది, సగం పైనే ఉంది. పాక వాసన అణిగిపోయి పాత చెక్కపెట్టె లోపలి వాసనలా అయింది. పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఏడూ పట్టుకురా. ఒంటికి ఏమీ పూసుకోకుండా రా, బస్సులో వస్తావు, పక్కన ఎవరి పిల్లలు కూర్చుంటారో తెలీదు. పక్కింటి వాళ్ళ గేదె ఈనింది, జున్నుపాలు ఇస్తామన్నారు, ఆదివారం బస్సు డ్రైవర్‌కి ఇచ్చి పంపిస్తా, పొద్దున్న ఆరింటికల్లా కూకట్‌పల్లిలో నిలబడి తీసుకో. ఫ్రిజ్‌లో ఆ సీసాలు పెట్టావంట కదా, ముందు అవి తీసి జున్ను పెట్టు.

మీ అత్త