ఎదురుగా ఉన్నది ఒకే రష్యా. మరి ఫిన్లాండ్ జనం భయపడినంతగా స్వీడన్ జనం ఎందుకు భయపడలేదు?

సరిహద్దు ఒక కారణం. ఫిన్లాండ్‌కు రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా హద్దు ఉంది, స్వీడన్‌కు అసలు లేదు. కానీ అంతకన్నా పెద్ద కారణం జ్ఞాపకం. స్వీడన్ చివరి యుద్ధం 1814లో ముగిసింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ మీద సోవియట్ విమానాలు 1939 నవంబరు 30న బాంబులు వేశాయి. తర్వాత కరేలియా ప్రాంతం చేజారింది, 4 లక్షల మందికి పైగా ఇల్లూ పొలమూ వదిలి వచ్చేశారు. వాళ్లకు దేశం నలుమూలలా చోటు చూపించారు. దాంతో యుద్ధం సరిహద్దు ఊళ్ల కథగా మిగిలిపోకుండా, ఎక్కడెక్కడివాళ్లకో ఇంటి కథ అయింది.

ఆ భయం చట్టాల్లోకీ ఎక్కింది. ఫిన్లాండ్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ కడితే, బాంబు దాడుల్లో తలదాచుకునే షెల్టర్ కూడా కట్టాల్సిందే. మామూలు రోజుల్లో అందులో సైకిళ్లు, పాత సామాన్లు పెట్టుకుంటారు. హెల్సింకీలో ఒక షెల్టర్‌నైతే ఈతకొలనుగా వాడుతున్నారు! స్వీడన్ మాత్రం 2010లో నిర్బంధ సైనిక శిక్షణ ఆపేసి, 2017లో మళ్లీ మొదలుపెట్టింది.

అయితే జ్ఞాపకం ముప్పును చూపిస్తుందే తప్ప ఏం చేయాలో చెప్పదు. రష్యాను రెచ్చగొట్టకూడదని ఫిన్లాండ్‌ను దశాబ్దాల పాటు అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోకు దూరంగా ఉంచినదీ, ఉక్రెయిన్ మీద దాడి తర్వాత 2023 ఏప్రిల్‌లో అదే నాటోలో చేర్పించినదీ ఆ 1939 జ్ఞాపకమే.